పన్నెండు సెకన్ల ముందు

మా ఆఫీసులో సోమవారం పొద్దున ఒక ఆచారం ఉండేది. దాన్ని మొదలుపెట్టింది నేనే. కాబట్టి దాని గురించి చెప్పే హక్కూ దాని పాపమూ రెండూ నావే. ఆ వారంలో మన దేశం ఏదైనా పెద్ద మ్యాచ్ ఓడిపోతే, కాఫీ మెషిన్ పక్కనున్న తెల్లబోర్డు మీద ఆ ఓటమికి ఆర్‌సీఏ రాసేవాళ్లం.

ఆర్‌సీఏ అంటే మా వృత్తిలో పోస్ట్‌మార్టం రిపోర్టు లాంటిది. రాయదుర్గం మెట్రో దిగగానే కనిపించే అద్దాల మేడల్లో ఒకదాని ఏడో అంతస్తులో కూర్చుని, ఎక్కడో విదేశంలో ఉన్న ఆస్పత్రుల అపాయింట్‌మెంట్ సిస్టమ్ పడిపోకుండా కాపలా కాయడం మా పని. పడిపోతే లేపాలి. లేపాక, అది ఎందుకు పడిందో రాసి పంపాలి. ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా ఒక టైమ్‌లైన్, దాని కింద 'ఎందుకు' అని ఐదుసార్లు అడిగి తెచ్చుకున్న జవాబులు. ఒక నియమం మాత్రం కచ్చితం. మనిషి పేరు రాయకూడదు. లోపం పనితీరులో వెతకాలి తప్ప మనిషిలో కాదని ట్రైనింగులో మాకు నూరిపోశారు.

మ్యాచ్ బోర్డుకు ఆ నియమం తిరగేశాను. అక్కడ పేరు రాసి తీరాలి. వారమంతా మర్యాదగా నోరు కట్టేసుకుని ఉండేవాళ్లం కదా, సోమవారం ఆ కసి అంతా ఒక ఆటగాడి మీద తీర్చుకునేవాళ్లం. నా చేతిరాత బాగుంటుంది. మార్కర్ ఎప్పుడూ నా చేతికే ఇచ్చేవారు. రాశాక అందరం బోర్డు ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లం.

నేను పుప్పాలగూడలో పుట్టి పెరిగినవాడిని. ఇప్పుడు అక్కడ మెడ నొప్పి పుట్టేంత ఎత్తు అపార్ట్‌మెంట్లు లేచాయి. లిఫ్టులో కలిసినవాళ్లు నన్ను 'మీరు ఏ ఊరి నుంచి వచ్చి సెటిలయ్యారండీ' అని అడుగుతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది కానీ నవ్వేసి ఊరుకుంటాను. ఆ నవ్వు నేను మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నది. మొదటి రోజు పరిచయాల్లో నేనేదో అడుగుతూ 'ఏంది' అన్నాను. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "సినిమాలో విలన్ పక్కనుండే రౌడీలా మాట్లాడుతున్నావేంటి బాబూ" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాకపోతే నాకు నవ్వడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత ఆఫీసులో ఉన్నంతసేపూ 'ఏంటండీ', 'అవునండీ' అనడం అలవాటు చేసుకున్నాను. ఆ అవమానాన్ని మాత్రం ఏళ్ల తరబడి భద్రంగా దాచుకున్నాను. అన్యాయం జరిగిన మనిషిని కాబట్టి నేను ఎవరికీ అన్యాయం చేయలేనని గట్టిగా నమ్మేవాడిని. ఆ నమ్మకం నన్ను బాగా చెడగొట్టింది.

ఒక అమ్మాయి మా టీములో చేరేటప్పటికి నేను షిఫ్టులు చూసే సీనియర్‌ని. మణిపూర్ నుంచి వచ్చింది. పరిచయాల్లో తన ఊరు చెప్పగానే గదిలో అందరూ బిగుసుకుపోయారు. కొత్త పిల్ల బిడియం పోగొడదామని నేనే అందుకున్నాను. "మరి హైదరాబాద్‌కు వీసా తొందరగానే వచ్చిందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మొదటి రోజే మాలో కలిసిపోయిందని సంతోషించాను.

ఆమె ఉండేది నిజాంపేటలోని ఒక హాస్టల్లో. అక్కడ వంట చేసే అక్క దగ్గర తెలుగు నేర్చుకుంది. ఆ అక్కది పాలమూరు వైపు ఏదో ఊరు. దాంతో మణిపూర్ పిల్ల నోట అచ్చమైన మా తెలుగు పలికేది. "ఏందన్నా, గిట్లయితే ఎట్ల? టికెట్ క్లోజ్ చెయ్యకుండనే ఇంటికి వోతున్నవా?" అని ఆమె అరిస్తే, పదేళ్లుగా 'ఏంటండీ'లతో ఎండిపోయిన నా చెవులకు ప్రాణం లేచొచ్చేది. నేనూ ఆమెతో అలాగే మాట్లాడేవాడిని. ఆ ఏడో అంతస్తులో నా భాష నాతో సిగ్గుపడకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే. పని కూడా అలాగే చేసేది. అందరూ ఎర్రర్ కనిపించిన చోట తవ్వుతుంటే, ఆమె లాగ్ ఫైల్లో ఇంకా పైకి, ఇంకా పైకి పోయి చూసేది. తప్పు కనిపించిన చోట పుట్టదు అనేది.

ఇక మిగిలింది ఇద్దరు. ఒకరు మా మేనేజర్, భీమవరం మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు. రెండోవాడు కొత్త కోడును సిస్టమ్‌లోకి ఎక్కించే రిలీజ్ పని చూసేవాడు. సంగారెడ్డి వైపు వాడు, నేనే రికమెండ్ చేసి తెచ్చుకున్న తమ్ముడి లాంటివాడు.

ఆ ఏడాది మన ఆడపిల్లల హాకీ జట్టు ఒక పెద్ద పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. అప్పటిదాకా హాకీ బంతి ఏ రంగులో ఉంటుందో కూడా తెలియని మేమంతా రాత్రికి రాత్రి వీరాభిమానులం అయిపోయాం. క్యాంటీన్‌లో పెద్ద తెర పెట్టారు. మా టీం మణిపూర్ అమ్మాయి చిన్నప్పుడు స్కూల్లో హాకీ ఆడిందట, ఆమే మాకు రూల్స్ చెప్పేది. జట్టులో వెనక ఆడే ఒక అమ్మాయి వాళ్ల రాష్ట్రం పిల్ల. క్వార్టర్‌ఫైనల్లో ఆ పిల్ల గోల్ గీత మీద నుంచి బంతిని లాగేసినప్పుడు మా రిలీజ్ తమ్ముడు బల్ల ఎక్కి "మన చెల్లె!" అని అరిచాడు. ఆ వారమంతా మావాళ్లు మా టీం అమ్మాయికి ఉచితంగా సమోసాలు తినిపించారు, గెలిపించింది తనే అయినట్టు.

సెమీఫైనల్ శుక్రవారం మధ్యాహ్నం. చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమానంగా ఉంది. బంతి వచ్చి ఆ వెనకాడే అమ్మాయి పాదానికి తగిలింది. గోల్ ముందున్న అర్ధచంద్రం గీత లోపల పాదానికి తగిలితే ఎదుటివాళ్లకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. ఇచ్చారు. గోల్ పడింది. ఓడిపోయాం.

క్యాంటీన్‌లో అందరూ కుర్చీల్లో కూలబడ్డారు. ఆ తర్వాత ఎవరో "ఛ" అన్నారు. మా తమ్ముడు, బల్ల ఎక్కి అరిచినవాడే, "కండ్లు సక్కగ తెరిస్తే గద బాల్ కనిపిచ్చేది" అన్నాడు. పగలబడి నవ్వారు. ఇంకెవరో "ఎంతయినా వాళ్లకు మన దేశం మీద అంత ఇదేముంటదిలే" అన్నారు. గంట క్రితం దాకా 'మన చెల్లె' అయిన పిల్ల ఒక్క బంతికి 'వాళ్లు' అయిపోయింది. నేను నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది. నవ్వాను.

సోమవారం బోర్డు దగ్గరికి అందరూ చేరారు. నేను మార్కర్ తీసుకున్నాను. ఎందుకు ఓడాం? గోల్ పడింది. ఎందుకు పడింది? పెనాల్టీ కార్నర్. ఎందుకిచ్చారు? పాదానికి తగిలింది. ఎవరి పాదం? ఆ పిల్ల పేరు రాశాను. ఐదో 'ఎందుకు' దగ్గర ఆగాను. వెనక నుంచి తమ్ముడు "రాయన్నా, సిగ్గెందుకు" అన్నాడు. నేను అక్షరాలు రాయలేదు. రెండు ఏటవాలు గీతలు గీశాను, అంతే. ఆ గీతలు ఏమిటో అందరికీ అర్థమైంది. ఆ నవ్వు లిఫ్టుల దాకా వినిపించి ఉంటుంది.

మా టీం అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడి ఉంది. నాకు తెలుసు. ఆమె మనవాళ్లలోదే కదా, ఆటపట్టిస్తే ఏమనుకుంటుందిలే అనుకున్నాను. అసలు అనుకున్నానా, లేక తర్వాత నాకు నేను చెప్పుకున్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె ముందుకొచ్చింది. కప్పు కింద పెట్టి, నా చేతిలోంచి మార్కర్ తీసుకుంది. గీతల వైపు చూడను కూడా చూడలేదు.

"అన్నా, టైమ్‌లైన్ మధ్యలకెళ్లి షురూ చేసినవ్," అంది. "పన్నెండు సెకన్ల ముందు సంది రాయాలె."

నా ఐదు 'ఎందుకు'ల పైన ఉన్న కాస్త ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. పన్నెండు సెకన్ల ముందు మైదానం మధ్యలో బంతి కెప్టెన్ దగ్గర ఉంది. ఎడమవైపు ఇద్దరు ఖాళీగా ఉన్నారు. కెప్టెన్ వాళ్లకు ఇవ్వకుండా తనే దూసుకుపోబోయి బంతి పోగొట్టుకుంది. ఎదుటివాళ్లు నలుగురు దూసుకొచ్చారు. వెనక ఈ పిల్ల ఒక్కతే ఉంది. ముగ్గురిని తప్పించింది. నాలుగో అమ్మాయి కొట్టిన బంతి పాదానికి తగిలింది. అన్నీ నిజాలే. అదే మ్యాచ్ మేమూ చూశాం.

మా మేనేజర్ అప్పుడే అటు వచ్చారు. బోర్డు చదివి, మెల్లగా, ఎంతో దయగా అన్నారు. "అబ్బే, కెప్టెన్‌ని అలా అనకూడదమ్మా. ఆవిడ మీద ఎంత ప్రెషర్ ఉంటుందో మనకేం తెలుసండీ? మోకాలికి దెబ్బ కూడా తగిలిందట పాపం."

అందరూ తలలూపారు. అవునవును, పాపం, మోకాలు. నేనూ ఊపాను. ఆమె మార్కర్‌కు మూత పెట్టి నా చేతికిచ్చింది. "సరే సర్," అంది. అది మేనేజర్‌తో అన్నదనుకున్నాను. ఆ రోజు నుంచి నన్ను కూడా సర్ అనే పిలిచింది. మళ్లీ ఎప్పుడూ అన్నా అనలేదు.

నాకు కోపం వచ్చింది. అదీ చెప్పాలి. ఒక జోకుకు ఇంత బిగదీసుకోవాలా అని ముఖం ముడుచుకుని తిరిగాను. నేను పడలేదా, నన్ను ఎన్ని అనలేదు, నేను నవ్వి ఊరుకోలేదా అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. షిఫ్ట్ లీడ్ కోసం ఒకరిని ఎంచాలని మేనేజర్ చెప్పారు. ఎవరిని అడిగినా ఆమె పేరే. ఆమె కూడా ఆశ పెట్టుకుంది. లీడ్ అయితే ఇంటి నుంచి పనిచేసే వారాలు దొరుకుతాయి. ఊళ్లో పరిస్థితులు బాగాలేవు, తల్లి ఒక్కతే ఉంది, నెలకు ఒక వారమైనా ఆమె దగ్గరుండాలి. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు. మేనేజర్‌కు పెట్టుకున్న అర్జీలో చదివాను.

సరిగ్గా అప్పుడే ఒక మంగళవారం పొద్దున సిస్టమ్ పడిపోయింది. షిఫ్టులో ఆమె ఉంది. అలారం వచ్చిన వెంటనే పట్టుకుంది, కానీ లేపడానికి చాలాసేపు పట్టింది. ఎందుకంటే ఆమె మామూలుగా పాడయ్యే చోట్లన్నీ వెతికింది. అసలు సంగతి ఏమిటంటే, అలారానికి కాస్త ముందు మా తమ్ముడు కొత్త రిలీజ్ ఎక్కించాడు. ఎక్కించే ముందు షిఫ్ట్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. అది మా పనిలో మొదటి పాఠం. వాడు పెట్టలేదు. మెసేజ్ ఉంటే ఆమె నేరుగా అక్కడికే పోయి, వచ్చినదాన్ని వెనక్కి తీసి, నిమిషాల్లో నిలబెట్టేది.

ఆర్‌సీఏ నేను రాయాలి. వాడు నా సీటు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఇంట్ల పరేషాన్‌ల ఉన్న. నా భార్య దవాఖానల ఉంది, తొమ్మిదో నెల. రెండు రోజుల నుంచి నిద్ర లేదు. మతికి లేకుండవోయింది అన్నా," అన్నాడు. అన్నీ నిజాలే. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాడికి కాఫీ తెచ్చిచ్చాను.

టైమ్‌లైన్ అలారం మోగిన నిమిషం నుంచి మొదలుపెట్టాను. ఎవరి పేరూ రాయలేదు, నియమం తప్పలేదు. 'షిఫ్టులో ఉన్నవారు మూలకారణాన్ని గుర్తించడంలో ఆలస్యం' అని రాశాను. రిలీజ్ సంగతి చివరి పేజీలో 'ఇతర గమనికలు' కింద ఒక్క వాక్యంగా పెట్టాను. షిఫ్టులో ఎవరున్నారో చార్టు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

పంపే ముందు ఆమెకు చూపించాలి. చదివింది. నిలబడే చదివింది.

"సర్, టైమ్‌లైన్ అలారం కాడ్నుంచి ఉన్నది," అంది.

"అవును."

"రిలీజ్ అంతకు ముందే అయింది సర్."

"అది వేరే టీం ముచ్చట. గిండ్ల పెడితే పెంటయితది. పేరు ఎవరిదీ లేదు కదా, నీకేం ఫికర్?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. చూపులో కోపం ఉంటే బాగుండేది. తెలిసిందే మళ్లీ చూస్తున్నట్టు చూసింది. "సరే సర్," అని వెళ్లిపోయింది.

లీడ్ పదవి ఆమెకు రాలేదు. "మంచి పిల్లేనండీ, కాదనను. కానీ ఒత్తిడిలో కొంచెం తడబడుతుంది. మనతో అంతగా కలవదు కూడా," అన్నారు మేనేజర్. ఆ పని రిలీజ్ టీం నుంచి మా తమ్ముడిని తెచ్చి అప్పగించారు. వాడు నాకు స్వీటు పెట్టాడు. తిన్నాను.

ఆ వారాంతంలో క్రికెట్ మ్యాచ్ ఓడిపోయాం. సోమవారం బోర్డు మీద వేయడానికి పాత నమూనా కావాలని ఎవరో అడిగితే, ఫోనులో ఏళ్ల నాటి బోర్డు ఫోటోలు తీశాను. ఒక్కొక్కటే జరుపుతూ పోతుంటే నా చేతిరాతే నన్ను పట్టించింది. ఎర్రగా, అందంగా ఉండి ప్రకటనల్లో కనిపించే బ్యాట్స్‌మన్ సున్నాకు అవుటైన రోజు నా టైమ్‌లైన్ ఎంత వెనక నుంచి మొదలైందో! పిచ్ తడిగా ఉంది, ప్రయాణాల అలసట, ఇంట్లో చంటిబిడ్డ. నల్లగా ఉన్న బౌలర్ చివరి ఓవర్లో పరుగులిచ్చిన రోజు టైమ్‌లైన్ బంతి వాడి చేతిలోంచి బయటపడ్డ క్షణం నుంచి మొదలైంది. కింద ఐదో 'ఎందుకు'కు జవాబు, 'బుర్ర లేదు'. ముస్లిం కుర్రాడు క్యాచ్ వదిలేసిన రోజు టైమ్‌లైనే లేదు. నేరుగా పేరు, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం. ఆ ప్రశ్నార్థకం ఏం అడుగుతుందో చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. అన్ని ఫోటోల్లోనూ నేను బోర్డు పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నాను.

మనవాడనుకుంటే వాడి మోకాలి నొప్పి దాకా వెనక్కి పోయి వెతికి తెస్తాం. పరాయివాడనుకుంటే ఆ ఒక్క బంతి దగ్గరే ఆగిపోతాం. జట్టు మొత్తం దేశానిదే అంటాం కానీ, ఓడిన రోజు అందులో సగం మందికి దేశం ఉండదు. ఆ తమ్ముడి భార్య ఏ నెలలో ఉందో నాకు తెలుసు. ఆ మంగళవారానికి మూడు రోజుల ముందు నుంచి ఆ మణిపూర్ అమ్మాయి ఊళ్లో ఇంటర్నెట్ లేదని, తల్లి బతికుందో లేదో తెలియకుండా షిఫ్టుకు వచ్చిందని నాకు అప్పుడు తెలియదు. అడగలేదు కనుక తెలియదు.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆ ఆర్‌సీఏ తప్పుగా రాశాను, మళ్లీ తెరుద్దాం అన్నాను. "క్లయింటు ఒప్పేసుకున్నాక ఎందుకండీ కెలకడం? పాపం ఆ కుర్రాడికి ఇప్పుడే బిడ్డ పుట్టింది," అన్నారు. నేను ఇంకో మాట అనాల్సింది. అనలేదు. సరేనండీ అని బయటికొచ్చేశాను. నా ధైర్యం అంతే.

ఆమె రాజీనామా ఇచ్చింది. చివరి రోజు కార్డు, ల్యాప్‌టాప్ అప్పగించి లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే, పక్కకు వెళ్లి నిలబడ్డాను. మా భాషలోనే మాట్లాడాను.

"ఆ టైమ్‌లైన్ నేను అలారం కాడ్నుంచి రాసిన. రిలీజ్ సంది రాయాల్సింది. తప్పు నాదే చెల్లె."

ఆమె లిఫ్టు అంకెల వైపే చూస్తోంది. "గంతకంటే ముందు సంది చూడుండ్రి సర్," అంది.

"బోర్డు మీద నేను గీసిన గీతల సందా?" అన్నాను.

"ఇంకా ముందు."

లిఫ్టు వచ్చింది. ఆమె ఎక్కింది, తలుపులు మూసుకున్నాయి.

కిందికి దిగుతున్న అంకెల్ని చూస్తూ నేను వెనక్కి పోయాను. గీతలకు ముందు, హాకీకి ముందు, సమోసాలకు ముందు. మొదటి రోజు, పరిచయాల గది. హైదరాబాద్‌కు వీసా వచ్చిందా అని నేను. అందరి నవ్వు. ఆమె కూడా నవ్వింది, కానీ ఒక క్షణం ఆలస్యంగా. ఆ క్షణాన్ని నేను ఆ రోజే చూశాను. అదేమిటో ఆ గదిలో ఇంకెవరికీ తెలిసి ఉండకపోవచ్చు. నాకు తెలుసు, అది నా మొదటి ఉద్యోగంలో నేను నవ్విన నవ్వే. తెలిసి కూడా అందరికంటే గట్టిగా నవ్వాను.